ఇంట్లో బిగించుకున్న కారు
(కాపెల్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



"మీకు తోచిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి మాష్టారూ" అన్నారు కార్యదర్శిగారు. భాషను గురించి, సంస్కృతిని గురించి చెప్పగలవారు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసినది మా గరాజులో ఉన్న కారు. దాన్ని గురించే చెబుతాను. నాది సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. ఆ బడిలో రెంచికీ గేర్‌బాక్సుకూ మాటలు నేర్పలేదు. కనుక వాటిని వాటి పేర్లతోనే పిలుస్తాను.

కిట్ కారు అంటే కంపెనీవారు చట్రమూ విడిభాగాలూ పెట్టెల్లో పంపితే, కొన్నవాడు ఇంట్లో బిగించుకునే కారు. 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న కారును ఇలా అమ్మాడు. ఆ దేశంలో తయారైన కారుకు కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలకు ఉండేది కాదు. 1973లో ఆ పన్ను పోయింది. ఆ యేడే ఆ కారు చేసే హక్కు కేటర్‌హామ్ వారికి వెళ్ళింది. పన్ను పోయినా, స్వయంగా బిగించుకునే సరదా మాత్రం జనానికి పోలేదు.

ఆ నమూనాలోనే దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కన పైన్‌టౌన్‌లో, 1980లలో బర్కిన్ అనే కారు చేయడం మొదలుపెట్టారు. డర్బన్ పేరు వినగానే మీలో కొందరు తలలెత్తారు. మా తాతగారు చెరకు తోటల పనికి ఓడెక్కి దిగింది అక్కడే. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నదీ ఆ ఊళ్ళోనే. నేను ఆ ఊరు వదిలి ఇంత దూరం వచ్చాక, ఆ ఊరి పక్క కారు పెట్టెల్లో కాపెల్‌కు వచ్చింది. ఎవరు ఎవరిని వెతుక్కున్నట్టో మీరే చెప్పండి.

బిగించడానికి రెండేళ్ళ శనివారాలు పట్టాయి. ఇంజన్ ఫోర్డ్ ఫోకస్‌ది, రెండు లీటర్లది. మొత్తం బరువు అర టన్నుకు కొంచెం పైన. మన ఇళ్ళముందు నిలిచే కామ్రీ దానికి రెండున్నర రెట్లు తూగుతుంది. బిగించడం కష్టమని అందరూ అనుకుంటారు గాని, అది సులువైన భాగం. ఆ తరువాత దాన్ని బాగా ఉంచడమే అసలు పని.

కొన్న కారుకు సర్వీసు పుస్తకం ఉంటుంది, షాపు ఉంటుంది. బిగించుకున్న కారుకు రెండూ నువ్వే. తేలిక కారు అదురుతుంది. అదిరితే నట్లు వదులవుతాయి. మొదటి వంద మైళ్ళకు ఒకసారి, ఐదు వందలకు ఒకసారి ప్రతి బోల్టునూ టార్కు రెంచితో మళ్ళీ చూడాలి. బిగించిన ప్రతి నట్టు మీదా, పక్కనున్న లోహం మీదా కలిసేలా పసుపు రంగు గీత ఒకటి పెడతాను. మా ఇంట్లో దానికి బొట్టు అని పేరు. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం. టార్చిలైటు పట్టుకుని కారు కింద పడుకుంటే పది నిమిషాల్లో అన్ని బొట్లూ చూడవచ్చు.

రెండోది కరెంటు. ఇనుప ఒళ్ళున్న కారులో దీపానికి ఒక తీగ చాలు, తిరుగుదారి ఒంటిలోనే ఉంటుంది. నా కారు మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాసువి. అందులో కరెంటు పారదు. ప్రతి దీపానికీ ఎర్తు తీగ వేరే లాగాలి. ఇలాంటి కార్లలో దీపం మిణుకుమంటే ముందు చూడవలసింది ఆ తీగ చివరనే. తీగలకు గుర్తుగా తెలుగు అక్షరాలు కట్టాను. మీలో ఎవరైనా ఈ పని చేస్తే ప, వ పక్కపక్కన పెట్టకండి. గ్రీజు పడితే రెండూ ఒకటే.

మూడోది బ్రేకు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరిన ఆయిలు వేడికి ఆవిరవుతుంది, పెడలు నేలకు దిగుతుంది. కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చాలి. దీనిలో పొదుపు లేదు.

ఇక చట్టం. డ్యూన్ బగ్గీల వంటివాటికి టైటిళ్ళు ఇవ్వడంలో కొన్నేళ్ళు చిక్కులు ఉండేవి. 2019లో టెక్సాస్ శాసనసభ చట్టం చేసి ఇటువంటి బళ్ళకు దారి ఏర్పరచింది. 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీని రాష్ట్రం ఎత్తివేసింది. మన డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది. తనిఖీ పోయినా ఏడున్నర డాలర్ల రుసుము పోలేదు, అది వేరే సంగతి. మిత్రులు నన్ను అభినందించారు. నాకు సంతోషం కలగలేదు. నేను బిగించిన బండిని మరొకరి కళ్ళు చూడడం మంచిదే కదా. అందుకని ఇప్పుడు విజయదశమికి వారం ముందు, తెలిసిన మెకానిక్కును పిలిచి, డబ్బిచ్చి, తప్పులు పట్టమంటాను. అది అయ్యాకే చక్రాల కింద నిమ్మకాయలు.

నడపడం ఎక్కడ అంటారా? శనివారం పొద్దున్నే శాండీ లేక్ రోడ్డు మీదుగా పాత ఊళ్ళో రైతుల బజారుకు. జూలైలో ఏడు దాటితే కాళ్ళ దగ్గర ఇంజన్ వేడి, నెత్తిన ఎండ. 635 మీదకు వెళ్ళను. పెద్ద లారీ డ్రైవరుకు నేను కనిపించను. ఈ కారులో ఎయిర్‌బ్యాగు లేదు, కప్పు లేదు. చిన్నపిల్లలను ఎక్కించుకోను. ఎవరెంత ముచ్చటపడి అడిగినా అంతే.

నాకు అరవై ఏడు వచ్చాయి. "అమ్మేయండి నాన్నా" అంటుంది మా అమ్మాయి. కొనేవాడు అడిగేది ఒక్కటే: ఎవరు బిగించారు, ఎలా బిగించారు? దానికి జవాబు నా నోటుపుస్తకంలో ఉంది. ఏ బోల్టుకు ఎంత బిగువు, ఏ భాగం ఏ కారుది, ఏ తేదీన ఏది మార్చాను అన్నీ తెలుగులో రాశాను. కొనేవాడికి అది చదవడం రాదు. పదహారేళ్ళ మా మనవరాలు రెండు చలికాలాలుగా కారు కింద నాతో పడుకుంటోంది. ఆ పేజీలను తడబడుతూ చదువుతోంది, ఇంగ్లీషులో మరో పుస్తకం రాస్తోంది. కారు ఎవరికి పోతుందో తేలకముందే పుస్తకం పూర్తి కావాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఇప్పటికి బ్రేకుల దాకా వచ్చింది.

కారు బయట ఆవరణలో ఉంది. పిల్లలు చూడవచ్చు, కూర్చోవచ్చు. పక్కనున్న పొగగొట్టం మాత్రం ముట్టుకోవద్దు, ఇంకా వేడిగా ఉంటుంది. సెలవు.