వారసత్వపు ముప్పు – వైద్యపు హక్కు



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వైద్య శిబిరాలలో మేము తరచుగా వినే మాట ఒకటున్నది: "మా ఖాందాన్‌లో అందరికీ షుగరే. గుండెపోటు కూడా మా రాతే." ఈ మాటలో సగమే నిజం.

మధుమేహానికీ, గుండె రక్తనాళాల వ్యాధికీ వంశంతో సంబంధం ఉన్నది. అయితే సాధారణంగా ఇవి ఒకే జన్యువు వల్ల వచ్చేవి కావు. అనేక జన్యువులు తలా కొంత ముప్పును పెంచుతాయి. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని మార్పులకు మన దేశస్థుల మధుమేహంతో గట్టి సంబంధం ఉన్నదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు 2007లో తెలిపారు. అదే ఏడాది, 9వ క్రోమోజోములోని ఒక భాగానికి గుండెజబ్బుతో సంబంధం ఉన్నదని విదేశీ పరిశోధనలు వెల్లడించాయి.

మన పిల్లలు పనిచేస్తున్న గల్ఫ్ దేశాలలో అరబ్బులకు కూడా మధుమేహం ఎక్కువే. కాని ప్రపంచంలో జన్యు పరిశోధనలు అత్యధికంగా ఐరోపా మూలాలున్న వారిపైనే జరిగాయి. ఆ లెక్కలు అరబ్బులకు గాని, మనకు గాని యథాతథంగా సరిపోవు. అందుకే ఖతర్ తన ప్రజల జన్యు సమాచారాన్ని సేకరిస్తున్నది. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం 10,000 మంది జన్యుపటాలను సిద్ధం చేసింది. లెక్కలోకి రాని సమాజానికి సరైన వైద్యం అందడం కష్టం.

ఇక రెండవ సగం. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతం తొమ్మిది కారణాలతో ముడిపడి ఉన్నది. పొగాకు, కొలెస్టరాల్, బీపీ, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, వ్యాయామలేమి, మానసిక ఒత్తిడి వాటిలోనివే. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తున్నదనీ, ఇతరులకు దాదాపు 59 ఏళ్ళకు వస్తున్నదనీ అదే అధ్యయనం తేల్చింది. ఇది ఏ ఒక్క మతస్థుల జబ్బూ కాదు.

కనుక తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 ఏళ్ళలోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. షుగరుతో పాటు బీపీ, కొలెస్టరాల్, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి. షుగరు ఉన్నవారికి ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. అకారణంగా ఆయాసం, చెమటలు, విపరీతమైన నీరసం కలిగితే "గ్యాస్" అని ఊరుకోరాదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే స్త్రీల విషయంలో ఈ నిర్లక్ష్యం మరింత ఎక్కువ.

మన కర్తవ్యం ఇంతటితో తీరదు. 30 ఏళ్ళు దాటినవారందరికీ బీపీ, షుగరు పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. అవి మన బస్తీలకు వస్తున్నాయా అని అడగాలి. కొలెస్టరాల్ పరీక్ష, మందులు మండల స్థాయిలోనే నెలనెలా అందాలని కోరాలి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. ఆసుపత్రి సూచనలు కూడా ఆ భాషలో ఉండాలని రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి, రసీదు తీసుకోవాలి.

జన్యువులను మనం ఎంచుకోలేదు. పరీక్షనూ, మందునూ అడిగి తీసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.