మన నీళ్లల్ల మన చేపకు జాగేది?

(సంగారెడ్డిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగం)



నీళ్ల కోసం కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. నీళ్లంటే టీఎంసీలేనా? అండ్ల బతికే చేప లెక్కకు రాదా?

మన మంజీరనే చూడుండ్రి. సింగూరు కింద, మంజీర బ్యారేజీ దాక నది నడుమ దిబ్బలు, ఒడ్డుపొంటి తుంగ, మోకాలిలోతు నీళ్లు. 1978ల దీన్ని అభయారణ్యం చేసిన్రు, మొసళ్లున్నయని. మొసలి తినేది చేపనే గదా!

మన రాష్ట్ర చేప కొర్రమట్ట గుడ్లు పెట్టేది ఆ తుంగ అంచులనే. పిల్లలు ఎర్రగ గుంపుకట్టి తిరుగుతుంటే తల్లీతండ్రీ కావలుంటయి. ఆ పెద్దచేపను పట్టుకపోతే పిల్లల గుంపు మిగతా చేపల పాలే. ఒడ్డు దున్నినా, ఇసుక తోడినా ఆ గూడే ఉండదు.

బొచ్చె, రవ్వ అట్ల గావు. పారే వరదల్నే గుడ్లు పెడ్తయి, నిలువ నీళ్లల్ల పెట్టవు. అందుకే 2016ల ఉచిత చేపపిల్లల పథకం పెట్టిన్రు. చానామటుకు కోస్తా హేచరీల పిల్లలే లారీలల్ల వచ్చినయి. బెస్తోళ్లకు, ముదిరాజులకు నాలుగు పైసలొచ్చినయి, కాదనను. కొనకుండ పుట్టే చేపను మాత్రం మరిచిన్రు.

మృగశిరకు చేప తినుడు మన ఆచారం. నేనూ తింట. కానీ తొలకరికి ఎదురెక్కే చేప కడుపునిండ గుడ్లే. మత్తడికాడ దోమతెర కట్టి ఊడ్చుకపోతే వచ్చే ఏడు ఏం దొరుకుతది?

వల ఆపుమంటే పొయ్యెట్ల ఎలుగుతది? సముద్రంల వేట ఆపే 61 రోజులకు ఆంధ్రల భృతి ఇస్తున్నరు. తొలకరి రెండు నెలలు వల ఆపే మంజీర మత్స్యకారులకూ ఇయ్యాలె. ఈ మాట మీ సంఘాల తీర్మానాలల్ల రాయుండ్రి.

జై తెలంగాణ!