పాత కంప్యూటరులో ఇంటి భాండాగారం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ శుభసమయంలో నేను పాఠశాల చరిత్రను వివరిస్తానని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆ పనిని నాకన్న పెద్దలు జూబ్లీ సంచికలో సమర్థంగా నిర్వహించారు. ఆ చరిత్రకు ఆధారాలైన ఫోటోలు, ఉత్తరాలు, పెద్దల గొంతులు మన ఇండ్లలో ఎంత భద్రంగా ఉన్నాయన్నది నేడు నా ప్రశ్న.

మా నాన్నగారు ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవారు. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతున్న ఆ గని విశేషాలను 2016లో ఒక సాయంకాలం ఆయన చెబుతూ ఉండగా నా ఫోనులో సుమారు గంటసేపు రికార్డు చేశాను. ఫోనులో చోటు చాలక దానిని ఇంటి కంప్యూటరులోకి మార్చి, ఫోనులోనిది చెరిపివేశాను. మరుసటి వేసవిలో ఆ కంప్యూటరు డిస్కు ఆగిపోయింది. బాగుచేసేవారు ప్రయత్నించారు గాని ఫలితం దక్కలేదు. మళ్ళీ చెప్పించుకుందామని నేననుకుంటూ ఉండగానే నాన్నగారు కాలం చేశారు. పిల్లలకు పొదుపు గురించి, జాగ్రత్త గురించి ప్రతిదినం బోధించే ఉపాధ్యాయిని తన తండ్రి గొంతును నిలుపుకొనలేకపోయింది. ఆ దుఃఖం నేర్పిన పాఠాన్నే నేడు మీ ముందుంచుతున్నాను.

ఈ పాఠం మన ఊరికి మరీ అవసరం. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువుకై వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆనాటి నుంచి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోయి రాత్రికి తిరిగివచ్చేవారు కొందరు; అక్కడే ఉండిపోయినవారు మరికొందరు. ఇల్లు మారిన ప్రతిసారీ ఒక పెట్టె పోతుంది. నేడు ఆ పెట్టె స్థానాన్ని ఫోను ఆక్రమించింది. ఫోను పోతే పెట్టెలన్నీ ఒక్కసారే పోయినట్లు.

దీనికి నేను చూసిన ఉపాయం ఇంట్లోనే ఒక ఫైల్ సర్వరును ఏర్పాటు చేసుకోవడం. పేరు విని భయపడనక్కరలేదు. మన గ్రంథాలయంలో బీరువా ఒకటే. అన్ని తరగతుల పిల్లలూ అందులోని పుస్తకాలనే తీసుకుంటారు. అదే విధంగా ఇంట్లో ఒక కంప్యూటరు ఫైళ్లను దాచి ఉంచుతుంది. తక్కిన కంప్యూటర్లు, ఫోన్లు ఇంటి వైఫై ద్వారా దానిని తెరచి చూస్తాయి. దీనికై కొత్త యంత్రాన్ని కొననక్కరలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం వలన ఎన్నో పాత కంప్యూటర్లు మూలబడ్డాయి. 64 బిట్ల ప్రాసెసరు, రెండు జీబీల ర్యామ్ ఉన్న యంత్రం ఈ పనికి చాలు.

బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్న మా అక్క కొడుకు సహాయంతో నేను చేసిన క్రమాన్ని చెబుతాను. మొదట ఆ పాత యంత్రంలో ఉన్నదంతా వేరొక డిస్కులోకి తీసుకున్నాము. కొత్త వ్యవస్థను ఎక్కించినప్పుడు పాతది తుడిచిపెట్టుకుపోతుంది. తరువాత మూత విప్పి దుమ్ము దులిపాము. లోపలి నాణెం వంటి బ్యాటరీని మార్చాము. అది అయిపోతే యంత్రం తేదీని మరచిపోతుంది. నేటి ఫైలుకు పాత సంవత్సరం పడుతుంది. పాత డిస్కును వ్యవస్థకు మాత్రమే వాడి, మన వస్తువులకు కొత్త డిస్కును కొన్నాము. పాతది చెడిపోతే వ్యవస్థను తిరిగి ఎక్కించుకోవచ్చు; ఫోటోలను తిరిగి తీయలేము కదా!

అందులో డెబియన్ మీద ఆధారపడిన ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత వ్యవస్థను పెట్టాము. ఒకసారి స్థాపించిన తరువాత దానికి తెర, కీబోర్డు అక్కరలేదు. వేరొక కంప్యూటరులోని బ్రౌజరు నుంచే నడపవచ్చు. ఫైళ్లను పంచే పని సాంబా అనే సాఫ్టువేరుది. 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దీనిని మొదలుపెట్టారు. సాంబశివుని తలపించే ఆ పేరు నిజానికి ఎస్, ఎమ్, బీ అనే మూడక్షరాల నుంచి పుట్టింది. విండోసు యంత్రాలు ఫైళ్లను పంచుకునే పద్ధతి పేరు అది.

సర్వరును తీగతో రౌటరుకు కలిపి, దానికి ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేటట్లు రౌటరులో అమర్చాము. ఇంట్లో ప్రతి ఒక్కరికీ వేరు వేరు పేరు, రహస్యపదం ఇచ్చాము. అందరికీ ఒక ఉమ్మడి అర, ఎవరికి వారికి సొంత అర ఏర్పరచాము. పాత ఫోటోల అరను మాత్రం అందరూ చూడవచ్చు గాని చెరపలేరు. ఇంటిలో చిన్నపిల్లలున్నవారికి ఈ ఏర్పాటు విలువ చెప్పనక్కరలేదు.

ఇక జాగ్రత్తలు. సర్వరు ద్వారాన్ని బయటి ఇంటర్నెట్టుకు తెరవకూడదు. పాతబడిన ఎస్ఎమ్‌బీ మొదటి పద్ధతిని వాడకూడదు. 2017 మేలో వనాక్రై అనే హానికర ప్రోగ్రాము ఆ పద్ధతిలోని లోపం గుండానే దేశదేశాల కంప్యూటర్లలోకి చొరబడి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది.

విద్యుత్తు సంగతి. శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ ద్వారా 1902లోనే విద్యుత్తును అందుకున్న ఊరు మనది. అంతటి ఘనత ఉన్నా మన ఇండ్లలో కరెంటు పోవడం మానలేదు! కనుక చిన్న యూపీఎస్ తప్పనిసరి. యంత్రం 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే రాత్రింబవళ్లు నడిపితే నెలకు 43 యూనిట్లు అవుతుంది. సాయంకాలం నాలుగు గంటలు మాత్రమే నడిపితే ఏడు యూనిట్లకు కాస్త పైగా అవుతుంది. మా ఇంట్లో రెండవ పద్ధతినే పాటిస్తున్నాము.

అన్నింటికన్న ముఖ్యమైనది చివరగా చెబుతున్నాను. సర్వరు ఉన్నంత మాత్రాన వస్తువు భద్రమైనట్లు కాదు. గనికి బయటపడే దారి ఒక్కటే ఉండరాదని గనుల నిబంధన. ఒకటి మూసుకుపోతే రెండవది ప్రాణాలు కాపాడుతుంది. ఫైళ్లకూ అదే నియమం. ప్రతి ఆదివారం నేను మరొక డిస్కులోకి నకలు తీసి, దానిని యంత్రం నుంచి విడదీసి, మా చెల్లెలి ఇంట ఉంచుతున్నాను. ఒకే యంత్రంలో రెండు డిస్కులు జతగా పెట్టుకున్నా ఈ నకలుకు సాటి రాదు. పిడుగు పడితే రెండూ పోతాయి; పొరపాటున చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. మూడు నెలలకొకసారి నకలులోని ఒక ఫైలును తెరచి చూడడం కూడా మరువరాదు. తెరచి చూడని నకలు నకలే కాదు.

తెలుగువారికి మరొక మాట. వెనుకటి సంచికలను అను ఫాంట్లలో కూర్చినవారు మనలో ఉన్నారు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. అటువంటివాటికి పీడీఎఫ్ ప్రతిని జతచేయండి. ఇకమీదట వ్రాసేవి యూనికోడ్‌లో వ్రాయండి. 1991లో వెలువడిన దాని తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తరువాత సందర్భం వ్రాయండి. ఫోటోలో ఉన్నవారి పేర్లను వరుసగా ఒక కాగితం మీద వ్రాసి దానినీ చేర్చండి. పేరు తెలియని ముఖం మనుమల కాలానికి అనాథ.

పూర్వ విద్యార్థులకు నా మనవి. మన పాఠశాలలో మూలనున్న ఒక కంప్యూటరును ఈ విధంగానే సిద్ధం చేస్తున్నాము. మీ ఇండ్లలోని తరగతి ఫోటోలు, వార్షికోత్సవ ఆహ్వానాలు, గురువులు వ్రాసిన ఉత్తరాలు తీసుకురండి. ప్రతిని తీసుకొని అసలును ఆ రోజే మీ చేతికిస్తాము. అంతకు ముందే మరొక పని చేయండి. మీ ఇంట్లో గనిలో దిగి వచ్చిన పెద్దలెవరైనా ఉంటే ఈ రాత్రి వారి పక్కన కూర్చుని మాట్లాడించండి, రికార్డు చేయండి, రెండు చోట్ల దాచండి. మా నాన్నగారి మాటలు నాకిక వినబడవు. మీ ఇంటి పెద్దల మాటలైనా మీ పిల్లలకు వినబడాలని నా కోరిక.