గురక గాఢనిద్రకు గుర్తు కాదు



పైరుకు వచ్చు తెగుళ్లను గూర్చియు, పశువులకు వచ్చు జబ్బులను గూర్చియు ఈ పుటలలో తరచుగా చదువుచుందురు. ఈ పర్యాయము సేద్యము చేయు మనిషికే వచ్చు ఒక జబ్బును గూర్చి చెప్పదలచితిని. ఇది రాత్రి నిద్రలో వచ్చును. వచ్చినవానికి తెలియదు, ప్రక్కన పడుకొన్నవారికి తెలియును.

నిద్ర సుఖ మెరుగదని మన పెద్దలు చెప్పుదురు. దినమంతయు కష్టించినవాడు గుర్రుపెట్టి నిద్రించుచుండగా, హాయిగా పడుకొన్నాడని ఇంటివారు సంతోషింతురు. ఒళ్లలసిననాడు కొద్దిగా గురక వచ్చుట ఎవరికైనను సహజమే. కాని ప్రతి రాత్రియు బిగ్గరగా గురకపెట్టుచు, నడుమ శ్వాస ఆగి, కొంతసేపు నిశ్శబ్దముగా నుండి, పిమ్మట ఉక్కిరిబిక్కిరియై మరల గురక మొదలిడినచో అది సుఖనిద్ర కాదు. దానిని డాక్టర్లు స్లీప్ ఆప్నియా అందురు. అనగా నిద్రలో ఊపిరి ఆగుట.

ఊపిరి ఎందుకు ఆగును?

నూతిపై మోటారు బిగించునప్పుడు నీరు పీల్చు వైపున గట్టి గొట్టమునే వేయుదుము. మెత్తని గొట్టము వేసినచో పీల్చు బలమునకు అది నొక్కుకొని అతుక్కొనిపోవును, నీరు రాదు. మన గొంతు అట్టి మెత్తని గొట్టము వంటిది. మెలకువగా నున్నప్పుడు కండరములు దానిని తెరచి పట్టుకొనును. నిద్రలో అవి సడలును. నాలుక వెనుకకు జారును. గొంతు ఇరుకుగా నున్నవారికి గాలి దారి మూసుకొనిపోవును. పది సెకనులో, ఒక్కొక్కప్పుడు నిమిషమో ఊపిరి ఆడదు. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి మనిషిని లేపును, దారి తెరచుకొనును. ఈ మెలకువ క్షణకాలమే గనుక తెల్లవారిన తరువాత జ్ఞాపకముండదు.

పెద్దవారిలో శ్వాస ఆగుటగాని బాగుగా తగ్గుటగాని గంటకు 5 నుండి 14 సార్లు జరిగినచో జబ్బు తేలికపాటిదనియు, 15 నుండి 29 అయినచో మధ్యరకమనియు, 30 గాని అంతకు మించిగాని యున్నచో తీవ్రమనియు లెక్కింతురు. గంటకు 30 అనగా రెండు నిమిషముల కొకసారి గొంతు నొక్కి వదలినట్లే.

ఎవరికి వచ్చును?

స్థూలకాయులకును, మెడ లావుగా నున్నవారికిని ఎక్కువగా వచ్చును. క్రింది దవడ చిన్నదిగా నున్నచో సన్నని మనిషికిని రావచ్చును. మద్యము, నిద్రమాత్రలు దీనిని పెంచును. ముట్లుడిగిన స్త్రీలకును వచ్చును. వారిలో గురక అంతగా లేక అలసట, నిద్రపట్టకపోవుట మాత్రమే కనబడవచ్చును. టాన్సిల్సు పెరిగిన పిల్లలకును వచ్చును.

పగటి గుర్తులు ఇవి: లేవగానే తలనొప్పి, నోరెండుట, ఎంత పడుకొన్నను తీరని నిద్ర, మతిమరుపు, చిరాకు. రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట, మందులు వాడినను రక్తపుపోటు తగ్గకపోవుట కూడ గుర్తులే. ఉపేక్షించినచో గుండెజబ్బు, పక్షవాతము వచ్చు అవకాశము హెచ్చును.

అంతకంటె ముందే మరియొక ప్రమాదము పొంచియుండును. ధాన్యపు ట్రక్కుతో తెల్లవారుజామున మార్కెట్ యార్డుకు ట్రాక్టరు తోలువాని కన్ను ఒక్క క్షణము మూతపడిన చాలును. అతని ప్రాణమే కాదు, ఎదుట వచ్చువారి ప్రాణమును పోవచ్చును. కనుక పగలు కూర్చున్నచోటనే కునుకు వచ్చువాడు చికిత్స కుదురువరకు ట్రాక్టరు, మోటారుసైకిలు నడుపరాదు. నూర్పిడి యంత్రము వద్ద నిలువరాదు.

ఏమి చేయవలెను?

చెవి ముక్కు గొంతు డాక్టరుకుగాని, ఊపిరితిత్తుల డాక్టరుకుగాని చూపించుకొనవలెను. వెళ్లునప్పుడు ప్రక్కన పడుకొనువారిని వెంట తీసికొనిపొండు. గురకను సెల్‌ఫోనులో పట్టి వినిపించుట మరియు మంచిది. ఒక రాత్రి నిద్రలో శ్వాసను, ప్రాణవాయువును, గుండెను కొలిచి జబ్బును నిర్ణయింతురు. కొందరికి ఈ పరీక్ష ఇంటివద్దనే చేయవచ్చును.

చికిత్సలు

మొదటిది, అలవాట్ల దిద్దుబాటు. లావుగా నున్నవారు బరువు తగ్గవలెను. మద్యము మానవలెను. వెల్లకిల కాక ప్రక్కకు తిరిగి పడుకొనవలెను.

రెండవది, సీపాప్ అను యంత్రము. మధ్యరకమునకు, తీవ్రమైన జబ్బునకు ఇదియే ముఖ్యమైన చికిత్స. మోటారు నీటిని తోయు వైపున మెత్తని గొట్టము కూడ నీటి ఒత్తిడికి నిండుగా నిలుచును గదా! ముక్కుకు తగిలించిన తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఈ యంత్రము గొంతును అట్లే తెరచియుంచును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను డాక్టరు, ఆయన సహచరులు దీనిని 1981లో ప్రకటించిరి. అంతకు పూర్వము తీవ్రమైన జబ్బునకు మెడ ముందు రంధ్రము చేసి గొట్టము పెట్టుటయే ముఖ్యోపాయము.

యంత్రము వాడిన రాత్రి మాత్రమే పనిచేయును; కనుక ప్రతి రాత్రియు వాడవలెను. పరీక్ష లేకుండ కొనరాదు. గాలి ఒత్తిడిని డాక్టరు నిర్ణయింపవలెను. తొడుగు ముఖమునకు సరిపోవునో లేదో పెట్టి చూచుకొనవలెను. కరెంటు పోవు ఊళ్లవారు బ్యాటరీ సంగతి ముందుగనే అడుగవలెను.

మూడవది, క్రింది దవడను కొంచెము ముందుకు పట్టియుంచు పంటి పరికరము. తేలిక, మధ్యరకములకు దంతవైద్యుడు అమర్చును. నాలుగవది, శస్త్రచికిత్స. టాన్సిల్సు, ముక్కు వెనుక కండ పెరిగిన పిల్లలకు వానిని తీసివేయుటయే సాధారణముగా మొదటి చికిత్స. పెద్దలకు శస్త్రచికిత్స అందరికిని పనికిరాదు. ఇక, స్థూలకాయముతో జబ్బు ముదిరినవారికై టిర్జెపటైడ్ అను ఇంజెక్షనుకు 2024 డిసెంబరులో అమెరికా అనుమతి నిచ్చినది. డాక్టరు చెప్పనిదే దీనిని వాడరాదు.

ఈ జబ్బున్నవారు ఏ ఆపరేషనుకు పోయినను మత్తుమందు ఇచ్చు డాక్టరుకు ముందుగా చెప్పవలెను.

మోటారు శబ్దములో తేడా వచ్చినచో వెంటనే ఆపి చూచుకొందుము. ఇంటి మనిషి శ్వాసలో తేడా వచ్చినప్పుడు నవ్వి ఊరకుండ తగదు. మీ గురక ఎట్లున్నదో ఈ దినముననే ఇంటివారిని అడుగుడు. నడుమ శ్వాస ఆగుచున్నదని వారు చెప్పినచో ఆలస్యము చేయక డాక్టరును చూడుడు.