పెన్సిలుకు ముందు ఇసుక
(రియాద్ నగరమున తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసము)

ఈ ఉపన్యాసము ఒక ఉపాధ్యాయిని స్మృత్యర్థము ఏర్పడినది. ఆమె సుగుణములను మీలో అనేకులు నాకంటె బాగుగా ఎరుగుదురు. నాకు మరపురానిది ఒక్కటే. తన తరగతిని చూడవచ్చినవారు తల్లిదండ్రులైనను, తనిఖీకి వచ్చిన అధికారులైనను, ఆమె వారిని శిశువుల చిన్న కుర్చీలోనే కూర్చుండబెట్టి, "ఇక్కడినుంచి చూడండి, బోర్డు ఎంత ఎత్తులో ఉందో" అనెడివారు. నేనును ఆ కుర్చీలో కూర్చుంటిని.

శిశువు ఆటవలన నేర్చుననియు, బిడ్డ వయస్సునుబట్టియే బోధనయు మన ఆశలును ఉండవలెననియు ఫ్రోబెల్, మాంటిస్సోరి, పియాజే ప్రభృతులు చెప్పినది మీకు విదితమే. 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పి గిజుభాయి బధేకా ఆచరించి చూపినదియు అదియే. వయోనుగుణ బోధనను గూర్చి 1987లో అమెరికా జాతీయ శిశువిద్యా సంఘము గ్రంథరూపమున ప్రకటించిన సూత్రములు 2020 వరకు పలుమార్లు సవరింపబడిన సంగతి శిక్షణ పొందిన ఉపాధ్యాయులెల్లరకు తెలియును. వానిని మరల వల్లించి మీ కాలమును హరింపను.

నా వివాదము ఒక్క విషయమును గూర్చినది. మూడు నాలుగేండ్ల బిడ్డచేత నాలుగుగీతల కాపీపుస్తకములో పెన్సిలుతో అక్షరములు వ్రాయించుటను నేను చిరకాలముగా వ్యతిరేకించుచున్నాను. వ్యతిరేకించినందుకు అనేక సభలలో మాటలు పడితిని. ఈ దేశపు రౌదాలలో, అనగా మూడేండ్లనుండి ఆరేండ్లవరకు గల శిశువుల బడులలో, దినచర్య ఎట్లుండునో మనలో ఎందరు చూచిరి? మొదట అందరును వలయముగా కూర్చుండుట, ఆరుబయట ఆట, చిరుతిండి, తమకు నచ్చిన మూలలో కట్టెముక్కలతోనో రంగులతోనో పుస్తకములతోనో స్వేచ్ఛగా పనిచేయుట, తుదకు మరల ఒక కూడిక. వారి పాఠ్యక్రమమున 'నీరు' ఒక పాఠభాగము, 'ఇసుక' మరియొకటి. సౌదీ విద్యాశాఖ పైన చెప్పిన అమెరికా సంఘపు సహకారముతో శిశువిద్యా ప్రమాణములను కూడ రూపొందించుకొనినది. ఇట్టి దేశమున నివసించుచు, ఇసుకకు కొరతలేని నేలమీద, మన బిడ్డలకు మాత్రము ఎల్.కె.జి.లో చేరకమునుపే ట్యూషను పెట్టించి, కాపీపుస్తకములు నింపించుచున్నాము. ఏ పాఠశాలనో వ్రేలెత్తి చూపుట నా ఉద్దేశము కాదు. ఈ తొందర ఇంటిలో పుట్టి బడికి ప్రాకినది.

ఒక ఇంట నాలుగేండ్ల బాలుడు 'అ' దిద్దుచుండగా నేను చెంతనే యుంటిని. పిడికిలిలో పెన్సిలు, తెల్లబారిన బొటనవ్రేలు, చెరిపి చెరిపి చిల్లిపడిన కాగితము, ఆ చిల్లి ప్రక్కనే తల్లి వ్రేలు, "మళ్లీ రాయి బిడ్డా!" ఆ సాయంకాలమే పళ్లెములో పోసిన ఇసుకలో ఆ బాలుడు పొడవుగా ఒక గీతయు, దాని ప్రక్కన ఒక గుండ్రని ముద్దయు చేసి, "ఇది మా నాన్న దమ్మాం పోయే రోడ్డు. ఈడ ఒంటె ఉన్నది. నాన్న హారన్ కొడతడు. ఎంత కొట్టినా అది కదల్దు" అని నాతో చెప్పినాడు. స్థలము, సంఘటనల క్రమము, ప్రయత్నము, దాని వైఫల్యము అన్నియు ఆ నాలుగు మాటలలో ఇమిడియున్నవి. రచన యనగా ఇదియే. ఉదయపు కాగితముమీద దీని జాడయైనను లేదు.

నా ప్రతిపక్షులు ముందుగా మనస్తత్వవేత్త బ్రూనరును ఉదహరింతురు. ఏ విషయమునైనను ఏ దశలోని బిడ్డకైనను నేర్పవచ్చునని ఆయన 1960లో ప్రతిపాదించిన మాట నిజమే. కాని ఆ విషయమును బుద్ధికి ద్రోహము చేయని రూపమున నేర్పవలెనను నియమము ఆ వాక్యములోనే కలదు. నియమమును విడిచి మిగిలినదానిని పట్టుకొనుట పండితధర్మము కాదు. ఇంతకంటె విచిత్రముగా, ఇరుపక్షములవారును సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీని సాక్షిగా పిలుతురు. లేఖనమునకు పూర్వచరిత్రను గూర్చిన ఆయన వ్యాసము, 1978లో ఆంగ్లమున వెలువడిన సంపుటములో చేరినది, నేను పలుమార్లు చదివినది. వ్రాత నేర్పుటను బడికి పూర్వమే ఆరంభింపవచ్చునని ఆయన అందు అంగీకరించెను. తొందరపడువారు ఇంతవరకే చదివి పుస్తకము మూయుదురు. బిడ్డలకు అక్షరములను గీయుట నేర్పుచున్నారే కాని లిఖితభాషను నేర్పుటలేదని ఆ వ్యాసమంతయు ఆయన మొరపెట్టుకొనెను. సైగలో, ఆటలో, బొమ్మలో వ్రాతకు మూలములు గలవనియు, వ్రాయవలసిన అవసరము బిడ్డకే తోచవలెననియు ఆయన మతము. పక్వతావాదియైన గెసెల్ శిష్యులవలె పక్వమగువరకు చేతులు కట్టుకొని వేచియుండుడని నేనును చెప్పను. ఆ మాట పేదల బిడ్డలను బడి వాకిటనే నిలుపును. నేర్పవలసినది ఎంతో కలదు; అది కాపీపుస్తకములో లేదు.

"మన సంప్రదాయమున అక్షరాభ్యాసము లేదా?" అని అడుగుదురు. ఉన్నది. పెద్దలు బిడ్డ వ్రేలు పట్టుకొని పళ్లెములోని బియ్యముమీద దిద్దింతురు. ఆ పళ్లెమునకు గీతలు లేవు, ఎఱ్ఱసిరా లేదు. ఐదేండ్లవరకు బిడ్డను లాలింపవలెననియు మన పెద్దలే చెప్పిరి. వీథిబడిలోనైనను మొదటి వ్రాత ఇసుకలోనే. చెన్నపట్టణమున అనాథ బాలుర ఆశ్రమమును నడిపిన ఆండ్రూ బెల్, మలబారు బాలురు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో ముద్రించిన గ్రంథముద్వారా ఇంగ్లండుకు చేర్చినాడు. మన విద్యను వారు ఆదరించి కొనిపోగా, మనము వారి కాపీపుస్తకమును తెచ్చుకొని దానికి సంప్రదాయమని పేరు పెట్టితిమి! పైగా మెలికలు, గుడులు, సుడులు, ఒత్తులుగల మన లిపికి మణికట్టు ఎంత మెత్తగా తిరుగవలెనో తెలుగు వ్రాయువారికెల్ల ఎరుకయే.

ఆలస్యమైనచో బిడ్డ వెనుకబడునను భయమునకు సెబాస్టియన్ సగేట్ మొదలగువారు న్యూజిలాండులో చేసి 2013లో ప్రకటించిన పరిశోధన ఒక సమాధానము: ఐదవ యేట చదువ మొదలిడినవారిని, ఏడవ యేట మొదలిడినవారు సుమారు పదకొండవ యేటికి అందుకొనిరి. అది వేరు దేశము, వేరు లిపి. అయినను ఆ భయమునకు ఆధారమేదో చూపవలసిన భారము ఇపుడు భయపడువారిదే.

ఇక నేను తేలికగా త్రోసిపుచ్చలేని వాదము ఒకటి కలదు: స్వదేశమునకు తిరిగిపోయిన బిడ్డకు బడిలో చోటు దొరకదేమోనను భయము. ఇచట ప్రవాసుల కుటుంబసభ్యులపై ప్రభుత్వము విధించి, 2017 జులైలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల చొప్పున మొదలై 2020 నాటికి 400కు పెరిగిన రుసుము ఎన్ని కుటుంబములను విడదీసినదో మీకు చెప్పవలెనా? ఏ నెలలో దేశము విడుచుటకు ఎగ్జిట్ వీసా కొట్టించుకొని విమానమెక్కవలసివచ్చునో తెలియని తల్లి, హైదరాబాదులోనో విజయవాడలోనో బడివారు బిడ్డకు పరీక్ష పెట్టుదురని వణకుట సహజము. కాని విద్యాహక్కు చట్టము, 2009, పదమూడవ సెక్షను ప్రకారము ఒకటవ తరగతిలో చేర్చుకొనుటకు వడపోత పరీక్ష పెట్టుట నేరము. మొదటిసారికి 25,000 రూపాయలవరకు, పిమ్మట ప్రతిసారికి 50,000 రూపాయలవరకు జరిమానా. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడునుండి ఎనిమిదేండ్లవరకు ఒకే పునాదిదశ యన్నది. 2022 నాటి పాఠ్యప్రణాళికా చట్రము ఇంటిభాషకు, ఆటకు అందు పెద్దపీట వేసినది. చట్టము తల్లి పక్షముననే యున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పువారే లేరు.

అందుచేతనే నేనిపుడు ఒక వాచకమును సిద్ధపరచుచున్నాను. రియాద్, జెడ్డా, దమ్మాం, జుబైల్ పట్టణములలోని తెలుగు బిడ్డలు ఇసుకలోనో కాగితముమీదనో గీచి చెప్పిన మాటలను పెద్దలు వారి యెదుటనే వ్రాసిపెట్టి, మరల వారికి చదివి వినిపించుటయే దాని పద్ధతి. తన మాట కాగితమెక్కి తిరిగి తనకే వినబడినపుడు, అక్షరమెందుకో ఆ బిడ్డకు ఎవరును బోధింపనక్కరలేదు. తెలంగాణ మాటయైనను, రాయలసీమ మాటయైనను, అరబ్బీ కలిసిన మాటయైనను అట్లే ముద్రింతుము.

కావున నా ప్రార్థన: ఈ శుక్రవారము మీ బిడ్డ గీచిన బొమ్మ యొకటి, దానిని గూర్చి ఆ బిడ్డ చెప్పిన మాటలు, పేరు వలదు, వయస్సు మాత్రము వ్రాసి, సభానిర్వాహకుల కందజేయుడు. మాటలను దిద్దకుడు.