రెండణాల రోడ్డు మీద వస్తున్న అతిథులు

(చింతపల్లి ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం నర్సీపట్నంలో బస్సెక్కాను. ఘాట్‌లో బస్సు చాలాసేపు ఆగిపోయింది. ఎక్కడో లారీ అడ్డం తిరిగిందేమో అనుకున్నాను. లారీ కాదు, కార్లు. విశాఖ బళ్లు, విజయవాడ బళ్లు, హైదరాబాద్ బళ్లు. లంబసింగి మంచు చూడటానికి శనివారం బయలుదేరినవాళ్లు. నా పక్క సీట్లో మీ ప్రాంతపు పెద్దాయన ఒకరున్నారు. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఈ రోడ్డు మా తాతలు కొట్టిందే బాబూ" అన్నారు. "కూలి ఎంతిచ్చారట?" అని అడిగాను. "ఏమిచ్చారు, రెండణాలు" అన్నారు.

నేను ఇవాళ మాట్లాడదామనుకున్నది వేరే. బస్సు దిగేసరికి ఆ పెద్దాయన మాటే నా ప్రసంగం అయిపోయింది.

ఆయన చెప్పింది చరిత్రలో ఉంది. గూడెం తాలూకాలో బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల మీదుగా రోడ్డు వేయించింది అతనే. రోజుకు ఆరణాల కూలి అని చెప్పి రెండణాలు చేతిలో పెట్టారు. రానివాళ్లను కొట్టి తీసుకొచ్చారు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకునే హక్కు పోయింది, అడవిలో పశువుల మేతకు అడ్డంకులు వచ్చాయి. అటు భూమి లేదు, ఇటు కూలి లేదు. మైదానం నుంచి వచ్చిన అల్లూరి సీతారామరాజు ఈ జనం మధ్య ఉండి ఆ గోడు విన్నాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. తుపాకులు, తూటాలు పట్టుకుపోయారు. ఏమేం తీసుకెళుతున్నారో స్టేషన్‌లోనే రాసిపెట్టి మరీ వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, చనిపోయారు. ఆ తర్వాత మలబారు పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ దిగారు. రెండేళ్లు ఈ కొండల్లో నడిచింది యుద్ధమే. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గాం గంటం దొర కూడా ఆ ఏడాదే తూటాలకు బలయ్యాడు. ఆయన తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకు పోయి, తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన పిల్లల్లో ఎంతమందికి మల్లు దొర పేరు తెలుసు?

లంబసింగి వచ్చేవాళ్లకు ఇవేవీ తెలియవు. తప్పు వాళ్లది కాదు, చెప్పేవాళ్లు లేరు. తెల్లవారుజామున చెరువులవేనం ఎక్కి మంచు చూస్తారు, తాజంగి జలాశయం దగ్గర ఫొటోలు దిగుతారు, బొంగులో చికెన్ తింటారు, మధ్యాహ్నానికి దిగిపోతారు. తాజంగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం మంజూరైంది. సంతోషం. కానీ అందులో గుర్రం మీద రాజు విగ్రహం ఒక్కటి పెట్టి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. రెండణాల లెక్క గోడ మీద ఉండాలి. పోడు ఎందుకు ఆపారో ఉండాలి. గంటం దొర, మల్లు దొరలతో పాటు పేరు తెలిసిన ప్రతి గిరిజన పోరాటయోధుడి పేరూ ఉండాలి. వచ్చినవాళ్లకు అదంతా చూపించి చెప్పే ఉద్యోగం మీ పిల్లలకు రావాలి. చింతపల్లి, కొయ్యూరు, కృష్ణదేవిపేట, దామనపల్లి ఒక్క రోజులో చుట్టి చూపించవచ్చు. దానికి రిసార్టు అక్కర్లేదు, జీపు, కథ తెలిసిన మనిషి ఉంటే చాలు.

ఇక భూమి సంగతి. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

ఈ సభలోనే ఒక రైతు ఉన్నారు. పేరు చెప్పను, ఆయన చెప్పొద్దన్నారు. రోడ్డు పక్కన ఆయనకు పొలం ఉంది. రెండేళ్ల కిందట మైదానం నుంచి ఒకాయన వచ్చి, నోటరీ కాగితం మీద లీజు రాయించుకుని, కొంత అడ్వాన్సు ఇచ్చి, గుడారాలు వేశాడు. శనివారం రాత్రికి గుడారాలన్నీ నిండుతాయి. మన రైతు అదే పొలానికి కాపలాదారు. నెల జీతం. పైగా కరెంటు మీటరు ఆయన పేరు మీదే ఉంది, గుడారాల దగ్గర ఏదైనా కేసు అయితే పోలీసులు పిలిచేది ఆయన్నే. లాభం ఒకరిది, పేరు ఒకరిది. దీన్నే బినామీ అంటారు.

ఆ లీజు చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి అమ్మడమే కాదు, తాకట్టు, కౌలు, లీజు అన్నీ చెల్లవు. బదలాయింపు అంటే ఇవన్నీ అని చట్టంలోనే రాసి ఉంది. ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది గనుల కేసు కదా అంటారు. గని కోసం ఇవ్వకూడని భూమిని హోటల్ కోసం ఎలా ఇస్తారు?

పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సడలించాలన్న మాట 2025 మొదట్లో పెద్దల నోటే వచ్చింది. మీరు బంద్ చేశారు. చట్టాన్ని ముట్టుకోబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట మీద నిద్రపోకండి. చట్టం పుస్తకంలో అలాగే ఉండి, పొలాల్లో గుడారాలు లేస్తూ ఉంటే సడలించినట్టే.

మీ కుర్రాళ్లు నన్ను నిన్న రాత్రి ఒక ప్రశ్న అడిగారు. "చట్టం మా భూమిని కాపాడుతుంది, సరే. బ్యాంకు మాత్రం ఆ భూమి మీద అప్పివ్వదు. పెట్టుబడి లేకుండా గది ఎలా కట్టాలి? బయటివాడు రాకపోతే మాకు ఆ కాపలా ఉద్యోగం కూడా ఉండదు కదా?" నిజమే. ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెబుతాను. పాడేరు ఐటీడీఏ రోడ్ల పక్కన విగ్రహాలకూ సెల్ఫీ పాయింట్లకూ పెట్టే డబ్బు గిరిజన కుటుంబాలు తమ ఇంటి పక్కన ఒకటో రెండో గదులు కట్టుకోవడానికి ఇవ్వాలని మన సంఘం అడగాలి. మహిళా సంఘాల పేరున అప్పు పుట్టించవచ్చు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులే విడిది నడిపిన అనుభవం ఉంది. అక్కడికి నలుగురిని పంపి చూసి రమ్మందాం. ఇరవై గుడారాలతో మొదలుపెట్టనక్కర్లేదు. వేడినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, మన వంట ఉన్న రెండు గదులు చాలు.

వ్యవసాయం మాట కూడా చెప్పాలి, మనది రైతు సంఘం. మంచు సీజను, కాఫీ పళ్ల కోత ఒకేసారి వస్తాయి. కుర్రాళ్లు గుడారాలకు పోతే కోతకు మనుషులు దొరకరు, పళ్లు నేల రాలుతున్నాయి. వలిసె పొలం పసుపుగా పూసిందంటే చాలు, కార్లు ఆపి లోపలికి దిగి తొక్కేస్తున్నారు. కొందరు ఫొటోకు పది రూపాయలు వసూలు చేస్తున్నారు, మంచిదే, కానీ తొక్కిన గింజకు పది రూపాయలు సరిపోవు. గట్టు మీంచి ఫొటో తీసుకోమనండి, లోపలికి దిగనివ్వకండి. సీసా పెంకులు పొలాల్లో పడి ఆడవాళ్ల కాళ్లు కోసుకుంటున్నాయి. మొన్న ఒక ఊరివాళ్లు ఊటగెడ్డ పైన గుడారాలు వేయనివ్వమని గ్రామసభలో తీర్మానం చేశారు. పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభకు బలం ఉంది. అన్ని ఊళ్లూ ఆ పని చేయాలి. బొంగుకు కూడా 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుదారులు మీరే. బొంగులో చికెన్ పేరు పెట్టుకుని విశాఖలో ఎవరెవరో అమ్ముకుంటున్నారు, మీ ఊళ్లో మాత్రం బొంగు నరికితే కేసు పెడతామని బెదిరిస్తున్నారట.

ఇప్పుడు భోజనాలు. మీలో ఎవరైనా లీజు కాగితం మీద సంతకం పెట్టి ఉంటే భయపడకండి, దాచకండి. వేదిక పక్కన టేబుల్ దగ్గర మన న్యాయవాది మిత్రుడు కూర్చుంటాడు. నకలు చూపించండి. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర పిటిషన్ వేయడానికి ఏమేం కావాలో చెబుతాడు. పట్టాదారు పాసుపుస్తకం ఉంటే అది కూడా తెచ్చుకోండి. కాగితాలు ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఊరి పేరు, సర్వే నెంబరు రాయించి వెళ్లండి.