పద్దెనిమిది దాటిన మన పిల్లల పని, ఇల్లు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో దివ్యాంగుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు అన్నీ చదివి వినిపించారు. నాకిచ్చిన విషయం ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఏం పని చెయ్యాలి, ఎక్కడ బతకాలి అన్నది నా విషయం. నేనూ అలాంటి బిడ్డ తల్లినే, కాబట్టి కొంచెం గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకండి.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండటం వేరు, మానసిక జబ్బు వేరు. మొదటిది పుట్టుకతోనో చిన్నతనంలోనో వస్తుంది. మందులతో పోదు, ఓపిగ్గా నేర్పితే మనిషి మెరుగవుతాడు. రెండోది ఎవరికైనా ఏ వయసులోనైనా రావచ్చు, దానికి వైద్యం ఉంది. మన ఊళ్ళలో రెండింటికీ ఒకే పేరు పెట్టి పిలుస్తాం. ఆ పేరు నేనిక్కడ పలకను. మీరూ మీ సంఘం మీటింగుల్లో పలకనివ్వకండి.

బడి ఈడు పిల్లలకి భవిత కేంద్రం ఉంది. పద్దెనిమిది నిండాక ఏముంది? అరుగు మీద కూర్చోవడం, టీవీ చూడటం. పింఛను 2024 నుంచి 6000 అయింది, అది పెద్ద ఆసరా, కాదనను. అయితే దాంతో పాటు ఇంకో మాట కూడా వచ్చింది. "నెలకి ఆరు వేలు వస్తున్నాయి కదా, వాడికి పనెందుకు?" అంటున్నారు. మనం సంఘంలో చేరింది అప్పు కోసమేనా అక్కా? నెలకి రెండుసార్లు నలుగురిలో కూర్చుని, మన పేరు పిలిస్తే పలికి, సంతకం పెట్టి వస్తాం. ఆ కూర్చోవడం మనకి ఎంత అవసరమో వాళ్ళకీ అంతే అవసరం.

పని అనగానే "వాడికేం వచ్చు?" అంటారు. అమెరికాలో 1970లలో మార్క్ గోల్డ్ అనే ఆయన, ఎందుకూ పనికిరారని పక్కన పెట్టిన పిల్లలకి 15 భాగాలున్న సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. ఇక్కడున్న మనలో ఎంతమందికి వచ్చు ఆ పని? నేర్పే పద్ధతి కుదరనప్పుడు నేర్చుకునేవాణ్ణి అనకుండా పద్ధతి మార్చాలన్నది ఆయన పట్టుదల. ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆవరణలో 2023లో మిట్టీ కేఫ్ తెరిచారు, దాన్ని నడిపేది దివ్యాంగులే. మన దగ్గర సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. అక్కడిదాకా వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళండి, మంచిదే. కానీ పని నేర్పడానికి అంత దూరం పోనక్కర్లేదు.

అసలు ఈ పిల్లలకి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట చెయ్యడం కష్టం. శిక్షణ కేంద్రంలో ఆరు నెలలు కొవ్వొత్తులు చేయించి ఇంటికి పంపిస్తే, ఇంటి దగ్గర కొవ్వొత్తుల పనే ఉండదు. అందుకని తిరగేసి చెయ్యాలి. ముందు మన ఊళ్ళో నిజంగా ఉన్న పని చూసుకుని, మనిషిని అందులో పెట్టి, అక్కడే నేర్పాలి. నర్సరీలో కవర్లలో మట్టి నింపడం ఉంది. పాలకేంద్రంలో క్యాన్లు కడగడం ఉంది. విస్తరాకులు కుట్టడం ఉంది. మన సంఘాలవాళ్ళే చేస్తున్న పిండివంటలు, పొడులు ఉన్నాయి.

నువ్వుండల ప్యాకింగే తీసుకోండి. అమ్మాయికి పది దాకా లెక్క రాదు, ప్యాకెట్‌కి ముప్పై ఉండలు పెట్టాలి. లెక్క నేర్పుతూ కూర్చుంటే సంవత్సరం పడుతుంది. కోడిగుడ్ల ట్రేకి ముప్పై గుంటలుంటాయి. కొత్త ట్రే తెచ్చి గుంటకొకటి పెట్టమంటే చాలు, అన్నీ నిండితే ముప్పై. ఆ అమ్మాయి లెక్క తప్పదు. కబుర్లు చెప్పుకుంటూ లెక్కపెట్టే మనమే తప్పుతాం!

పాల క్యాను కడగడాన్ని ఆరేడు మెట్లుగా విడగొట్టుకోవచ్చు. మూత తీయడం, నీళ్ళు పోయడం, బ్రష్‌తో రుద్దడం, ఒంపడం, మళ్ళీ తొలవడం, స్టాండు మీద బోర్లించడం. వీటిలో ఆఖరిది ముందు నేర్పండి. మిగతా అంతా తోడుగా ఉన్నామె చేసి, బోర్లించడం మాత్రం అతనికి వదిలేయాలి. అది వచ్చాక దాని ముందుది, తర్వాత దాని ముందుది. ఇలా చేస్తే మొదటి రోజు నుంచే పని తన చేత్తో పూర్తవుతుంది. "నేనే చేశాను" అనే మాట మొదటి రోజే వస్తుంది.

తోడుగా ఉండే ఆమె మొదట్లో పూర్తిగా పక్కనుండాలి, కొన్నాళ్ళకి అడపాదడపా వచ్చి చూస్తే చాలు. ఆ తోడు తల్లి కాకపోవడం మంచిది. సరిగ్గా రుద్దలేదని తల్లి చేతిలోంచి బ్రష్ లాగేసుకుంటుంది.

ఇక కూలి. ఈ మాట కొందరికి నచ్చదు. టిఫిన్ పెట్టి, పండక్కి పాత చీర ఇచ్చి "పాపం, ఏదో కాలక్షేపానికి వస్తోంది" అనడం కూలి కాదు. అందరికీ ట్రేకి ఎంత ఇస్తే ఆమెకీ అంతే. ఐదు ట్రేలు చేస్తే ఐదింటికి. ఆమె పేరున ఖాతా, పాసుబుక్కు ఆమె చేతిలో. ఇది దానధర్మం కిందికి రాదు.

ఇప్పుడు ఇంటి సంగతి. మనలాంటి తల్లులు రాత్రిళ్ళు నిద్రపట్టక అనుకునేది ఒక్కటే, మా తర్వాత వీడికెవరు అని. చాలామంది "ఏదో హోములో వేసేద్దాం" అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు వాళ్ళకుంది, ఫలానా చోటే ఉండాలని బలవంతం చెయ్యకూడదు. కానీ చట్టం వచ్చి అన్నం వండదు కదా. మనం బతికుండగానే అలవాటు చెయ్యాలి. అన్నం వండుకోవడం, స్నానం, బట్టలుతుక్కోవడం, రేషన్ షాపుకి వెళ్ళి రావడం, తన పేరు, ఊరు, ఒక ఫోన్ నంబరు చెప్పగలగడం. తర్వాత పిన్ని ఇంట్లో ఒక రాత్రి, మరుసటి నెల రెండు రాత్రులు. తల్లి పోయిన రోజే మొదటిసారి ఇంకొకరింట్లో పడుకోవాల్సి వస్తే ఆ బిడ్డ ఎలా తట్టుకుంటుంది? ఆడపిల్లల్ని గదిలో పెట్టి తాళం వేయడం రక్షణ కాదు. ఒంటిమీద ఎవరు చెయ్యేయవచ్చో ఎవరు వేయకూడదో నేర్పడం, వద్దని అరవడం నేర్పడం రక్షణ.

పొలం, ఇల్లు అన్నదమ్ముడి పేర రాసి "చెల్లిని చూసుకో" అని నోటిమాటతో వదలకండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిది దాటాక చట్టబద్ధంగా సంరక్షకుణ్ణి పెట్టించుకోవచ్చు. జిల్లాలో కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి అర్జీ పెట్టాలి. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపించాలి. లెక్క అడిగేవాళ్ళు ఉంటే ఎంత మంచివాళ్ళైనా ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటారు. సంఘాల్లో మనకిది కొత్త కాదు. అలాగని అందరికీ సంరక్షకుడు అక్కర్లేదు. తన నిర్ణయం తాను చెప్పగలిగేవాళ్ళకి పక్కన కూర్చుని అర్థమయ్యేలా వివరించే మనిషి ఉంటే చాలు. ఇదే ట్రస్టు కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల వరకు. వీటన్నిటికీ వైకల్య ధ్రువపత్రం ముఖ్యం. సదరం శిబిరానికి వెళ్ళనివాళ్ళు ముందు ఆ పని చూసుకోండి.

ఉపసంఘం అడుగుతున్నది ఇది. ప్రతి గ్రామ సంఘం ఊళ్ళో పద్దెనిమిది దాటిన ఇలాంటివాళ్ళ పేర్లు రాయాలి. పింఛను జాబితా చూసి రాయొద్దు, అందులో లేనివాళ్ళు కూడా ఉంటారు. ఇల్లిల్లూ తిరగండి. పేరు పక్కన ఏ జబ్బో రాయకముందు ఏం ఇష్టమో రాయండి, నీళ్ళంటే ఇష్టమా, పశువులంటే ఇష్టమా, నలుగురూ ఉన్నచోటు ఇష్టమా, ఒంటరిగా ఉండటం ఇష్టమా అని. పని అక్కడి నుంచే దొరుకుతుంది. తోడుగా ఉండటానికి ఊరికొకరు ముందుకు రావాలి. ఆమెకి మొదటి మూడు నెలలు గౌరవ వేతనం సమాఖ్య నిధి నుంచి ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. దాని మీద ఇంకా చర్చ జరగాలి, వద్దనేవాళ్ళు కూడా లేచి మాట్లాడండి.

అర్జీ ఫారాలు, రాసుకోవడానికి ఖాళీ కాగితాలు ఎడమ పక్క బల్ల మీద ఉన్నాయి. భోజనాల తర్వాత నేనక్కడే కూర్చుంటాను. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు వాళ్ళని కూడా వెంటబెట్టుకుని రండి.